స్కౌట్ చొక్కాకు బ్యాడ్జిలు: చేత్తోనా, మిషన్ మీదనా? జేబు మూసుకుపోకుండా ఎట్ల కుట్టాల?

పాలకొండల నీడ (కడప)

పిల్లోడి స్కౌట్ చొక్కాకు బ్యాడ్జిలు కుట్టాల. నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ స్థాపక దినానికి యూనిఫాం తనిఖీ ఉంటుందంట, ఆ లోపల కావాల.

చొక్కా స్టీల్ గ్రే, టెర్రీకాటన్. పొట్టి చేతులు, భుజం పట్టీలు, ముందర రెండు జేబులు, రెండింటికీ బొత్తాం మూతలు. జేబు నడుమ నిలువుగా ప్లీటు మడత ఉంది. కొత్తది, ఇంకా ఒక్కసారి కూడా నీళ్లలో వేయలేదు.

కుట్టాల్సినవి: ఆకుపచ్చ మెంబర్‌షిప్ బ్యాడ్జి, ఊదారంగు వరల్డ్ స్కౌట్ బ్యాడ్జి, గ్రూపు పేరున్న వంపు షోల్డర్ బ్యాడ్జిలు రెండు, ద్వితీయ సోపాన్ (రెండో మెట్టు) బ్యాడ్జి, ప్రొఫిషియెన్సీ (పనితనం) బ్యాడ్జిలు రెండు (కుక్, సైక్లిస్ట్). పెట్రోల్ (ట్రూప్‌లో చిన్న జట్టు) లీడర్ చేసినారు కాబట్టి జేబు మీదికి తెల్ల టేపులు కూడా.

నా అనుమానాలు:
1. ఏది ఎక్కడ? జేబు నడుమ అంటే మూతతో కలిపి నడుమనా, మూత వదిలేసి నడుమనా?
2. జేబు మీద కుడితే లోపలి గుడ్డ కూడా పట్టుకొని జేబు మూసుకుపోతుంది కదా, దానికి ఉపాయం ఏంది?
3. వరల్డ్ బ్యాడ్జి వెనక జిగురు పొర ఉంది. ఇస్త్రీ పెట్టి అంటిస్తే చాలా, మళ్లీ కుట్టాలా?
4. ఇంట్లో తొక్కే మిషన్ ఉంది. చేతికుట్టు అయితే బలం ఉంటుందా?

ట్రూప్ నోటీసుబోర్డు (కర్నూలు)

ఏది ఎక్కడ అనేది నేను చెప్తా. కుట్టు సంగతి దర్జీలకు వదిలేస్తా.

ఎడమ జేబు నడుమ మెంబర్‌షిప్ బ్యాడ్జి. కుడి జేబు నడుమ వరల్డ్ బ్యాడ్జి. సోపాన్ బ్యాడ్జి ఎడమ చేతికి, ప్రొఫిషియెన్సీ బ్యాడ్జిలు కుడి చేతికి. ఈ రెండు చేతులూ తారుమారు చేయడమే తనిఖీలో జాస్తిగా దొరికే తప్పు. ఎందుకంటే చొక్కాను నేల మీద పరిచి గుర్తు పెడతారు, అప్పుడు మన కుడివైపు కనిపించేది పిల్లోడి ఎడమ చెయ్యి. చొక్కా పిల్లోడికి తొడిగి, బొత్తాలు పెట్టి, అప్పుడు గుర్తు పెట్టండి.

షోల్డర్ బ్యాడ్జి రెండు చేతులకూ, భుజం కుట్టు కిందనే, వంపు పైకి. పెట్రోల్ లీడర్‌కు ఎడమ జేబు మీద మెంబర్‌షిప్ బ్యాడ్జికి అటూ ఇటూ నిలువుగా ఒక్కో తెల్ల టేపు, సెకండ్‌కు (లీడర్ తర్వాతి వాడికి) అయితే ఒకటే. పెట్రోల్ రంగు స్ట్రైప్స్ మీ ట్రూప్‌లో ఇచ్చి ఉంటే అవి ఎడమ భుజానికి. వాటికి చోటు వదిలి తక్కినవి గుర్తు పెట్టుకోండి.

ద్వితీయ సోపాన్ వచ్చింది కాబట్టి ప్రథమ సోపాన్ తీసేయాల. రెండూ పక్కపక్కన పెట్టకూడదు. రేపు తృతీయ సోపాన్ వస్తే ఇదీ పోతుంది, ఆ తర్వాత రాజ్య పురస్కార్. అంటే ఎడమ చేతి మీద ఆ ఒక్క చోట బ్యాడ్జి మారుతూనే ఉంటుంది. కుట్టేటప్పుడు ఇది మనసులో ఉండాల.

నిటారుతనం గురించి ఒక మాట. గుండ్రటి బ్యాడ్జి 5 డిగ్రీలు వంకర పోయినా కుట్టేవాళ్లకు తెలీదు, చూసేవాళ్లకు తెలుస్తుంది. వరల్డ్ బ్యాడ్జిలో చుట్టూ ఉన్న తాడుకు ఒకచోట చదరపు ముడి ఉంటుంది చూడండి, ఆ ముడి సరిగ్గా కిందికి రావాల, నడుమ పువ్వు మొన సరిగ్గా పైకి. ఆ రెండూ కలిపే గీత జేబు నిలువు అంచుకు సమాంతరంగా ఉందా అని స్కేలు పెట్టి చూడండి. మెంబర్‌షిప్ బ్యాడ్జిలో అయితే పువ్వు మొన పైకి, అశోక చక్రం జేబు నడిగీత మీదికి.

అంగుస్తానా (అనంతపురం)

మొదట సూదీదారం పక్కన పెట్టి చొక్కాను నీళ్లలో వేయండి. రెండు ఉతుకులు పడాల. ఇది దాటేసిన వాళ్లే తర్వాత "బ్యాడ్జి ఉబ్బింది" అని వస్తారు. బ్యాడ్జి పాలిస్టర్ దారంతో ఎంబ్రాయిడరీ చేసింది, వెనక గట్టి గుడ్డ, అది కుదించుకోదు. చొక్కా గుడ్డలో నూలు పాలు ఎంత జాస్తి ఉంటే అంత కుదించుకుంటుంది. 11 సెంటీమీటర్ల జేబు నూటికి మూడు పాళ్లు తగ్గినా 3 మిల్లీమీటర్లు పోయినట్టే. ఆ 3 మిల్లీమీటర్ల గుడ్డ బ్యాడ్జి చుట్టూ ముడతలుగా చేరుతుంది. తెల్ల టేపు నూలుది అయితే దాన్నీ నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు కోయండి. నూలు టేపు చొక్కా కంటే జాస్తి ముడుచుకుంటుంది.

జేబు నడుమ అంటే మూత వదిలేసి నడుమ. మూతకు బొత్తాం పెట్టి, దాని కింది అంచు నుంచి జేబు అడుగు వరకు కొలవండి. మూత కింద దూరిపోయే బ్యాడ్జి బ్యాడ్జి కాదు.

లెక్క ఇట్ల. జేబు వెడల్పు 11, మూత కింద ఎత్తు 8 సెంటీమీటర్లు, బ్యాడ్జి అడ్డంగా 4 అనుకుందాం. ఎత్తులో 8 లోనుంచి 4 తీసేస్తే 4, పైన 2, కింద 2. వెడల్పులో ఎడమ అంచు నుంచి 1 వదిలి, 1.5 టేపు, మళ్లీ 1 ఖాళీ, 4 బ్యాడ్జి, 1 ఖాళీ, 1.5 టేపు, 1 వదిలి. మొత్తం 11. మీ జేబు 10 అయితే ఖాళీలు నాలుగూ ముక్కాలు సెంటీమీటరుకు తగ్గించండి, టేపును మాత్రం సన్నం చేయొద్దు. గుర్తు పెట్టడానికి అరిగిపోయిన సబ్బు ముక్క చాలు, ఎండబెడితే అంచు కత్తిలా ఉంటుంది, గ్రే మీద తెల్లగా పడుతుంది, ఒక్క ఉతుకుతో పోతుంది. బాల్‌పెన్ వద్దు.

రెండో ప్రశ్న. జేబు లోపల అట్టముక్క పెట్టాల. పెళ్లి శుభలేఖ అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది: మందం ఉంటుంది, నున్నగా ఉంటుంది, సూది మొన తగిలితే జారుతుంది. జేబు వెడల్పుకు ఒక సెంటీమీటరు తక్కువ కోసి మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే మూలల్లో గుడ్డను గుచ్చుతుంది. సూది జేబు గుడ్డలోనుంచి మాత్రమే పోయి అట్ట మీద జారి తిరిగి పైకి రావాల. నాలుగు కుట్లకు ఒకసారి అట్ట కదిలించి చూడండి. కదిలితే మంచిది. కదలకపోతే ఎక్కడో అట్టను కూడా కుట్టేసినారు, అప్పుడే విప్పండి, చివర్లో విప్పడం నరకం.

ప్లీటు సంగతి. బ్యాడ్జి ప్లీటు మీదే కూర్చుంటుంది, తప్పదు. ప్లీటు మడతల రెండు అంచులూ కలిపి కుట్టేస్తే జేబు ఇక విచ్చుకోదు. బ్యాడ్జి ప్లీటు కంటే వెడల్పు ఉంటే అట్లనే అవుతుంది, దానికి బాధపడాల్సిన పని లేదు, ఆ జేబులో పిల్లోడు పెట్టేది రుమాలే. అయితే కుట్టే ముందు ప్లీటును నిలువుగా ఇస్త్రీ చేసి, పైన ఒకటి కింద ఒకటి గుండుసూది పెట్టండి. ప్లీటు వంకరగా ఉండగా బ్యాడ్జి కుడితే జేబు మొత్తం ఒక పక్కకు లాగినట్టు ఉండిపోతుంది.

కుట్టు: పాలిస్టర్ దారం ఒంటిపోగు, ఒక మూర. అంతకంటే పొడుగు తీస్తే చిక్కు పడుతుంది, గుడ్డలోనుంచి మాటిమాటికీ లాగడం వల్ల చివరికొచ్చేసరికి దారం నూగు లేస్తుంది. 4 సెంటీమీటర్ల బ్యాడ్జి చుట్టుకొలత పన్నెండున్నర. మూడు మిల్లీమీటర్లకు ఒక కుట్టు వేస్తే నలభై కుట్లు. ఒక మూర దారం ఒక బ్యాడ్జికి సరిపోతుంది. దారం రంగు బ్యాడ్జి అంచు రంగుకు కలవాల, చొక్కాకు కాదు. సూది 7 లేదా 8 నంబరు. బ్యాడ్జి వెనక గట్టిగా ఉంటుంది కాబట్టి వేలికి అంగుస్తానా (లోహపు తొడుగు) పెట్టుకోండి, లేకపోతే రెండో బ్యాడ్జికే వేలు చిల్లి.

ముందు కచ్చా కుట్టు, అంటే తర్వాత తీసేసే తాత్కాలిక కుట్టు. గడియారంలో 12, 6, 3, 9 ఉండే చోట్ల ఒక్కో పెద్ద టాకా, ఈ వరసలోనే. 12 తర్వాత 1, 2 అని చుట్టూ పోతే గుడ్డ కొంచెం కొంచెం తోసుకుంటూ వచ్చి చివర్లో బుడగ మిగులుతుంది. తర్వాత ముడిని బ్యాడ్జికీ గుడ్డకూ నడుమ దాచి, కింది పక్క నుంచి మొదలుపెట్టండి. చొక్కా గుడ్డలో రెండు మూడు పోగులు పట్టుకొని, బ్యాడ్జి మందపాటి అంచు లోపలి వారనుంచి సూది పైకి తీసి, అంచు మీదుగా దించాల. కుట్టు ఏటవాలుగా కాకుండా అంచుకు అడ్డంగా పడితే దారం అంచులో కలిసిపోతుంది. దారం బిగించి లాగొద్దు, గుడ్డకు ఆనుకుంటే చాలు. మొదలైన చోటు దాటి ఇంకో మూడు కుట్లు వేసి, అదే చోట రెండుసార్లు తిప్పి, సూదిని బ్యాడ్జి కింద ఒక సెంటీమీటరు దూరం పోనిచ్చి బయటికి తీసి కోయండి. ముడి కంటే ఇదే నిలబడుతుంది.

పాలకొండల నీడ (కడప)

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు దండాలు. చొక్కా ఈ పూటే నానేస్తా. జిగురు పొర గురించి, మిషన్ గురించి కూడా ఎవరన్నా చెప్పండి. చేతుల మీద కుట్టడం ఎట్లనో కూడా అర్థం కాలేదు, అట్టముక్క పెడితే ఆ వంపు పోతుంది కదా?

ఎర్రదారం (ప్రొద్దుటూరు)

జిగురు పొర నమ్ముకోవద్దమ్మా. అది వేడికి కరిగి గుడ్డలోకి దిగి, చల్లారినాక పట్టుకుంటుంది. వేడికి కరిగేది మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది కదా. ప్రతి ఇస్త్రీకీ అంచు కొంచెం లేస్తుంది, ఆ సందులోకి చెమట, సబ్బునీళ్లు పోతాయి. మన ఎండల్లో పెరేడ్ గ్రౌండులో గంట నిలబడిన చొక్కా ఎట్ల ఉంటుందో మీకు తెలియనిది కాదు. జిగురును కచ్చా కుట్టు బదులు వాడుకోండి, చుట్టూ దారంతో కుట్టండి. అట్ల చేస్తే అది మంచి సరుకే, బ్యాడ్జి జరగదు.

అంటించే పద్ధతి: ఇస్త్రీపెట్టె రెండు చుక్కల గుర్తు దగ్గర, అంటే 150 డిగ్రీల లోపల. మూడు చుక్కలు పెడితే టెర్రీకాటన్ మెరుపు తేలుతుంది, ఆ మెరుపు ఇక పోదు. ఆవిరి ఆపేయండి. బ్యాడ్జి మీద పల్చటి నూలు గుడ్డ పరిచి, పెట్టెను రుద్దకుండా 15 లెక్కపెట్టే వరకు అదిమి పట్టండి. రుద్దితే కరిగిన జిగురు మీద బ్యాడ్జి జారుతుంది. తర్వాత చొక్కా తిరగేసి లోపలి పక్క నుంచి ఇంకో 15. జేబు అయితే ఈ లోపలి పక్క అదుముడు ఉండదు. జేబులో మాత్రం అట్ట ఉంచండి, జిగురు వెనక గుడ్డకు దిగకుండా. పూర్తిగా చల్లారే వరకు కదిలించొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడి అంచు గోటితో లాగి చూస్తారు, అది అప్పుడే ఊడుతుంది.

జిగురు పొర లేని బ్యాడ్జిలకు పిల్లలు స్కూల్లో వాడే గ్లూ స్టిక్ ఒక చుక్క వెనక రాయండి, పది నిమిషాలు ఆరనివ్వండి, కుట్టండి. అది నీళ్లలో పోతుంది, అదే దాని మేలు. ఫెవిక్విక్ లాంటిది మాత్రం గుడ్డ మీద వద్దే వద్దు. నూలు తగిలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత. ఆరినాక గాజులా గట్టిపడి సూదిని దిగనివ్వదు, విరుస్తుంది. పిన్నీసులతో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు, చెమటకు తుప్పు పట్టి గ్రే మీద గోధుమరంగు మరక వేస్తాయి.

చేతుల మీద కుట్టడానికి స్టీలు గ్లాసు పెట్టండి. చొక్కా చెయ్యిలోకి గ్లాసు తోసి, బ్యాడ్జి పడే చోటు గ్లాసు మీదికి వచ్చేట్టు తిప్పి, మోకాళ్ల నడుమ పట్టుకొని కుట్టండి. గుడ్డ పిల్లోడి భుజం ఎట్ల ఉంటుందో అట్లనే వంపుగా ఉంటుంది, కాబట్టి తొడిగినప్పుడు బ్యాడ్జి అంచులు లేవవు. బల్ల మీద చదునుగా పెట్టి కుట్టినది తొడిగినాక నడుమ ఉబ్బి నిలబడుతుంది. షోల్డర్ బ్యాడ్జికి ఇది ఇంకా ముఖ్యం. పొడుగ్గా ఉండే వంపుపట్టీ కదా, ముందు నడుమ ఒక టాకా, తర్వాత రెండు చివర్లకు. ఒక చివర నుంచి మొదలుపెట్టి పోతే రెండో చివర కిందికి జారుతుంది.

చెయ్యి నడిగీత ఇస్త్రీ మడత అనుకోవద్దు. రెడీమేడ్ చొక్కాల్లో ఆ మడత చాలాసార్లు వీపు పక్కకు పోయి ఉంటుంది. భుజం పట్టీ నడుమ నుంచి నిలువుగా దారం కట్టి వేలాడదీయండి, చివర ఒక బొత్తాం కట్టండి బరువుకు. పిల్లోడు చేతులు కిందికి వదిలి నిలబడితే ఆ దారం ఎక్కడ పోతుందో అదే నడిగీత.

అంగుస్తానా అన్న ఒంటిపోగు అన్నాడు. బ్యాడ్జిలకు సరే. షోల్డర్ బ్యాడ్జి రెండు చివర్లకు మాత్రం నేను రెండుపోగులే అంటా. బ్యాగు పట్టీ రోజూ రాసుకునేది అక్కడే.

అంగుస్తానా (అనంతపురం)

చివర్లకు రెండుపోగుల మాట ఒప్పుకుంటా అక్కా. ఆ నాలుగు కుట్లకే సుమా.

మిషన్ గురించి. తొక్కే మిషన్‌తో జేబు మీద బ్యాడ్జి కుట్టాలంటే జేబు విప్పాల. విప్పకుండా చేస్తే జేబు మూసుకుపోతుంది, వేరే దారి లేదు. జేబు విప్పి, బ్యాడ్జి కుట్టి, మళ్లీ జేబు చొక్కాకు వేయడం దర్జీకి పది నిమిషాల పని, ఇంట్లో కొత్తగా చేసేవాళ్లకు ఒక పూట. పాత కుట్టు బొక్కల్లోనే మళ్లీ కుట్టు పడకపోతే జేబు అంచున రెండు వరసల బొక్కలు కనిపిస్తాయి.

చెయ్యికి కూడా అంతే. పిల్లల చెయ్యి గొట్టం మిషన్ బల్ల మీదికి ఎక్కదు. చంక కింది కుట్టు చేతి అంచు నుంచి విప్పి గుడ్డ పరచాల. అందుకే బ్యాడ్జిలకు చేతికుట్టు మేలు అంటా, ముఖ్యంగా మారుతూ ఉండే సోపాన్ బ్యాడ్జికి. బలం అనుమానం వద్దు. నలభై కుట్లలో రెండు తెగినా బ్యాడ్జి కదలదు. మిషన్ కుట్టు తెగిన చోట సరిచేయకపోతే నెమ్మదిగా అటూ ఇటూ విచ్చుకుంటుంది.

టేపులకు మాత్రం మిషన్ బాగుంటుంది, జేబు ఎట్లాగూ విప్పితే. ఎంత పొడవు కనిపించాలో దానికి ఒకటిన్నర సెంటీమీటరు కలిపి కోసి, రెండు చివర్లా 7, 8 మిల్లీమీటర్లు కిందికి మడిచి, అంచుకు 1 మిల్లీమీటరు లోపల కుట్టు. రెండు పక్కలా పై నుంచి కిందికే కుట్టండి. ఒక పక్క పై నుంచి, ఇంకో పక్క కింద నుంచి పోతే టేపు మెలిక తిరుగుతుంది. పైదారం తెలుపు, బాబిన్‌లో గ్రే. సూది 14 నంబరు, కుట్టు నిడివి 2.5 మిల్లీమీటర్లు. మన పక్క రాయదుర్గం నుంచి వచ్చే జీన్స్ పనివాళ్ల మిషన్ మీద కుట్టిస్తామంటే సూది మార్చమని చెప్పండి. జీన్స్‌కు వేసే లావు సూది టెర్రీకాటన్‌లో పెట్టే బొక్క ఉతికినా పూడదు.

జేబు విప్పనంటే టేపు కూడా అట్ట పెట్టి చేత్తోనే హెమ్మింగ్ చేయండి. చూసేవాళ్లకు తేడా తెలీదు. పెట్రోల్ రంగు రిబ్బన్ స్ట్రైప్స్ అయితే కోసిన చివర పోగులు లేస్తాయి, పాలిస్టర్ రిబ్బన్ అని ఖాయం చేసుకొని వెలిగించిన అగరబత్తి మొన చివర వెంబడి ఒక్కసారి రాయించండి. అంచు కరిగి మూసుకుంటుంది. కొవ్వొత్తి మంట పెడితే నల్లబడుతుంది.

పత్తిమార్కెట్ (ఆదోని)

ఇదే చర్చలో నాదొక ప్రశ్న. మా పాప గైడ్ (స్కౌట్స్‌లో ఆడపిల్లల విభాగం). పోయిన ఏడాది చొక్కా పొట్టిదైంది, దాని మీద ఆరు బ్యాడ్జిలున్నాయి, కొత్తదానికి మార్చాల. రేజరు బ్లేడుతో కోస్తే గుడ్డ తెగుతుందేమో అని భయం. గైడ్‌కు వరల్డ్ బ్యాడ్జి వేరేనా?

ట్రూప్ నోటీసుబోర్డు (కర్నూలు)

వేరే. గైడ్‌ది నీలం మీద బంగారు రంగు మూడు రేకుల ట్రెఫాయిల్. స్కౌట్‌ది ఊదా మీద తెల్ల పువ్వు. అంగట్లో పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, చూసి తీసుకోండి. నిటారుకు ఆ మూడు రేకుల్లో నడిమిది సరిగ్గా పైకి.

ఎర్రదారం (ప్రొద్దుటూరు)

పాత బ్యాడ్జి విప్పడం: పై నుంచి బ్లేడు పెడితే బ్యాడ్జి అంచు ఎంబ్రాయిడరీ తెగుతుంది, అది తెగితే బ్యాడ్జి పని అయిపోయినట్టే. చొక్కా తిరగేయండి. లోపలి పక్క కనిపించే కుట్లలో మూడింటికి ఒకటి చిన్న కత్తెర మొనతో కోయండి. చుట్టూ అయినాక ముందుకు తిప్పి బ్యాడ్జిని ఒక పక్క నుంచి మెల్లగా ఎత్తితే తక్కిన కుట్లు వాటంతట అవే జారి వస్తాయి. జేబు అయితే మూత తెరిచి జేబు లోపలి నుంచి ఇదే పని. వదులు దారపు ముక్కలు గమ్ టేపు అంటించి లాగితే అన్నీ ఒకేసారి వస్తాయి.

జిగురు పొరతో అంటించింది అయితే కుట్లు కోసినాక లోపలి పక్క ఇస్త్రీ పది సెకన్లు పెట్టి, వేడి మీదే లాగాల. చల్లారినాక లాగితే చొక్కా గుడ్డ చిరుగుతుంది.

ఆరు బ్యాడ్జిల్లో ప్రొఫిషియెన్సీవి నాలుగు ఉంటే ఈసారి ఇట్ల చేయండి. చొక్కా రంగులోనే గుడ్డముక్క ఒకటి తీసుకొని, అంచులు మడిచి కుట్టి, నాలుగూ దాని మీద రెండేసి వరసలుగా కుట్టండి. ఆ ముక్కను చేతికి చుట్టూ హెమ్మింగ్ చేయండి. వచ్చే ఏడాది చొక్కా మారితే ఒక్క ముక్క విప్పి ఒక్క ముక్క కుట్టడమే. కొత్తవి వస్తాయని కింద ఒక వరస చోటు వదలండి. గుడ్డముక్క పల్చగా ఉండాల, లేకపోతే చెయ్యి అట్టలాగ నిలబడుతుంది. వెల్క్రో పెట్టే వాళ్లున్నారు. అది లావు, చెమట పట్టే చోట దురద, గరుకు పక్క స్కార్ఫ్‌కు తగులుకొని పోగులు లాగుతుంది. నాకు నచ్చదు.

అదే చొక్కా మీద సోపాన్ బ్యాడ్జి మార్చేటప్పుడు ఇంకో చిక్కు. బ్యాడ్జి కింద గుడ్డ ఎండ తగలక ముదురు రంగుగానే ఉంటుంది, చుట్టూ వెలిసి ఉంటుంది. కొత్త బ్యాడ్జిని సరిగ్గా ఆ ముద్ర మీదే కూర్చోబెట్టండి. సూది బొక్కలను గోటితో అడ్డంగా నిలువుగా గీకి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుతాయి.

పాలకొండల నీడ (కడప)

పాత స్కూలు చొక్కా మీద ఒక మచ్చు కుట్టి చూసినాను. బ్యాడ్జి చదునుగానే ఉంది, కానీ చుట్టూ గుడ్డ పువ్వు రేకుల్లాగ సన్న ముడతలు పడింది. ఆ చొక్కా ఏడాదిగా ఉతుకుతున్నదే కాబట్టి కుదించుకోవడం కాదనుకుంటా. దారం నూలుది వాడినాను, ఇంట్లో అదే ఉండింది.

అంగుస్తానా (అనంతపురం)

కుట్టినాక ఉతికినారా? ఉతికి ఉంటే దారమే ముడుచుకుంది, పాలిస్టర్ దారం తెచ్చుకోండి. ఉతకకముందే ముడతలు ఉంటే కుట్టు బిగువు. ఎట్ల తెలుసుకోవాలంటే, ఒక కుట్టు కింద సూది మొన దూర్చి చూడండి. దూరకపోతే బిగించినారు. ముడత ప్రతి కుట్టు దగ్గరా సమానంగా ఉంటే బిగువు; ఒకే పక్క చేరి ఉంటే కచ్చా కుట్టు సరిగా పడక గుడ్డ తోసుకొచ్చింది. మీరు చెప్పిన రేకుల వాటం చూస్తే బిగువే అనిపిస్తుంది.

ఇంకోటి, చొక్కా గుడ్డలో ఎన్ని పోగులు పట్టుకుంటున్నారో చూసుకోండి. లోపలి పక్క తిరగేస్తే కుట్లు చుక్కల్లాగ కనిపించాల. గీతల్లాగ కనిపిస్తే గుడ్డ జాస్తి పట్టుకుంటున్నట్టు, ప్రతి కుట్టుకూ అంత గుడ్డ బ్యాడ్జి కిందికి లాగేస్తున్నారు.

పాలకొండల నీడ (కడప)

ఉతకలేదన్నా. సూది మొన దూరలేదు, లోపల గీతలే ఉన్నాయి. రెండు తప్పులూ నావే. విప్పి మళ్లీ కుడితే ఇప్పుడు చదునుగా వచ్చింది. ఇక అసలు చొక్కా. ఉతకడం గురించి ఏమన్నా జాగ్రత్తలున్నాయా? మాది బోరు నీళ్లు.

ఎర్రదారం (ప్రొద్దుటూరు)

బోరు నీళ్లలో సబ్బు నురగ సరిగా రాదు, తెల్లటి పొర మిగులుతుంది. ఊదా బ్యాడ్జి మీద అది బూజులాగ కనిపిస్తుంది. సబ్బు తగ్గించి బట్టలుతికే ద్రవం వాడండి, చివరి జాలింపు మాత్రం మంచి నీళ్లతో, ఒక చెంబు చాలు, బ్యాడ్జిల మీద పోయండి. చొక్కా తిరగేసి ఉతకండి, బ్రష్ బ్యాడ్జి వెనక కూడా తగలకూడదు. బట్టల తెలుపుకు వేసే బ్లీచింగ్ వద్దు. నేవీ బ్లూ నిక్కరుతో కలిపి మొదటి మూడు నాలుగు సార్లు నానబెట్టొద్దు, ఆ నీలం తెల్ల టేపులకు ఎక్కితే ఇక వదలదు. స్కార్ఫ్ కూడా వేరేగా. ఆరేయడం నీడలో. ఊదా రంగు ఎండకు త్వరగా పోతుంది.

ఇస్త్రీ బ్యాడ్జి మీద నేరుగా పెట్టకుండా, మందపాటి టవలు పరిచి దాని మీద బ్యాడ్జి ముఖం కిందికి పెట్టి వెనక నుంచి చేయండి. దారం అణగదు. జేబు ఇస్త్రీకి ఆ శుభలేఖ అట్ట మళ్లీ లోపల పెట్టండి, లేకపోతే జేబు అంచు ముద్ర బ్యాడ్జి మీద పడుతుంది.

ట్రూప్ నోటీసుబోర్డు (కర్నూలు)

తనిఖీ నాటికి ఒకసారి మొత్తం తొడిగి, స్కార్ఫ్ వేసి, భుజానికి బ్యాగు తగిలించి చూడండి. స్కార్ఫ్ చివర్లు మెంబర్‌షిప్ బ్యాడ్జి మీదికి వస్తే వోగుల్‌ను (స్కార్ఫ్ బిగించే రింగును) కొంచెం పైకి జరపండి, బ్యాడ్జిని విప్పే పని పెట్టుకోవద్దు.